ఎముక నుంచి ఉపగ్రహానికి: ఆ ఒక్క కట్‌లో నిజంగా ఏముంది?

ప్రశ్న:
'2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) మీద వ్యాసం రాస్తున్నాను. పనిముట్టే వానరాన్ని మనిషిని చేసిందన్నది ఈ సినిమా వాదన అంటారు. కానీ వానరం ఎముకను ఆయుధంగా పట్టుకోవడం కంటే ముందే, వాటి మధ్య ఎక్కణ్నుంచో వచ్చి నిలిచే నల్లపలక వస్తుంది కదా. ఆ వాదన నిలుస్తుందా?

జవాబు 1:
సగమే నిలుస్తుంది. షాట్ల వరస కాగితం మీద రాసుకుని చూడండి. వానరాలు పలకను తాకుతాయి. తర్వాత ఎముకల దగ్గర ఒక వానరం తల వంచి ఆలోచిస్తుంది, మధ్యలో పలక షాట్ ఒక్కసారి మెరుస్తుంది. ఆ తర్వాతే చేతిలోకి ఎముక. పుర్రె పగులుతుంటే టేపిర్ (పందిలాంటి జంతువు) కూలే షాట్లు పడతాయి. ఆ క్షణాన అక్కడ టేపిర్ లేదు, అది ఊహ. అంటే పనిముట్టు కంటే ముందు పుట్టింది, ఎదుట లేనిదాన్ని చూడగలగడం.

చాలామంది తప్పు రాసేది ఇంకొకటుంది. ఎముక గాల్లోకి లేచేది వేట అయ్యాక కాదు, నీటిగుంట దగ్గర సాటి వానరాన్ని చంపాక. గాల్లోని ఆ ఎముక ఒక్క కట్‌లో అంతరిక్షంలోని ఉపగ్రహంగా మారుతుంది. ఆ ఉపగ్రహాన్ని మొదట అణ్వాయుధ వేదికగానే అనుకున్నారు, కానీ తెర మీద ఆ మాట ఎవరూ అనరు. "ఆయుధం నుంచి ఆయుధానికి" అని రాస్తే, ఆధారం సినిమా బయటిదని కూడా రాయండి.

జవాబు 2:
శాస్త్రం దగ్గర జాగ్రత్త. ఎముకే తొలి ఆయుధమన్నది దక్షిణాఫ్రికాలోని మకపాన్స్‌గాట్ గుహ ఎముకలు చూసి శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ చేసిన వాదన. అలాంటి కుప్పలు చాలావరకు హైనాలూ చిరుతలూ పోగేసినవని తర్వాత సి.కె. బ్రెయిన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అక్కడి స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన, మనిషిని పోలిన ప్రాణి పుర్రె మీది రెండు రంధ్రాలు చిరుత కింది కోరలకు సరిపోయాయి. పాపం, మన పూర్వీకుల ఆ దూరపు బంధువు అక్కడ వేటగాడు కాదు, తిండి.

అయినా సినిమాను పూర్తిగా కొట్టేయలేం. కెన్యాలోని లొమెక్వి రాతి పనిముట్ల వయసు సుమారు 33 లక్షల ఏళ్లు. మనం చెందిన హోమో ప్రజాతికి ఇప్పటిదాకా దొరికిన అతి పాత శిలాజం సుమారు 28 లక్షల ఏళ్లది. ఎముక తప్పు, కానీ పనిముట్టు ముందు, మనిషి తర్వాత అన్న వరస తప్పు కాదు.

జవాబు 3:
చిరుత మాట వచ్చింది కాబట్టి: సినిమాలో దాని కళ్లు వెలిగేది ఫ్రంట్ ప్రొజెక్షన్ వల్ల. నటులు స్టూడియోలో ఉంటారు, వెనక తెర మీద ప్రొజెక్టర్ వేసే ఎడారి ఫొటో. కెమెరా ముందు 45 డిగ్రీల్లో సగం పారదర్శకమైన అద్దం పెట్టి, ప్రొజెక్టర్ కాంతినీ కెమెరా చూపునూ ఒకే గీత మీదికి తెస్తారు. తెర కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. గీత కాస్త తప్పితే నటుల అంచున నల్లటి నీడ కనిపిస్తుంది. చిరుత కన్ను కూడా ఆ తెరలాగే పనిచేసింది, తీసేయకుండా ఉంచేశారు.

ప్రశ్న అడిగినవారు:
అయితే వ్యాసం ఎముకతో కాదు, చిరుతతో మొదలవుతుంది. మరి వ్యోమనౌకను నడిపే కంప్యూటర్ హాల్ సంగతి?

జవాబు 1:
హాల్‌ను ఆపే సన్నివేశంలో వ్యోమగామి బౌమన్ చేతిలో ఏముందో చూడండి. మెమరీ దిమ్మెలను ఒక్కొక్కటిగా విప్పే చిన్న చేతి పనిముట్టు.