నిద్రలో నడిచే అలవాటు ఒక దేశంలో నిర్దోషిత్వం, మరో దేశంలో పిచ్చి ఎలా అయింది?

నేను న్యాయశాస్త్రం చదివినవాడిని కాను, తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి. నేర విచారణల్లో వచ్చిన వింత వాదనల గురించి చదువుతూ ఒకచోట చిక్కుకుపోయాను.

1987లో కెనడాలో ఒకతను నిద్రలోనే లేచి, కారులో 23 కిలోమీటర్లు వెళ్లి అత్తగారిని చంపాడు. మామగారిని తీవ్రంగా గాయపరిచాడు. తర్వాత చేతుల్లో స్నాయువులు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లలాంటివి) తెగి నెత్తురోడుతుండగా తానే పోలీసు స్టేషనుకు వెళ్లాడు. నొప్పి కూడా తెలియలేదట! జ్యూరీ నిర్దోషి అంది, 1992లో ఆ దేశ సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. మనిషి స్వేచ్ఛగా ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంగ్లండులో మరొకతను నిద్రలో స్నేహితురాలి తలపై సీసాతో, వీడియో రికార్డరుతో కొట్టాడు. అక్కడ 1991లో అప్పీలు కోర్టు దాన్ని చట్టం దృష్టిలో ఉన్మాదమేనంది. రెండూ నిద్రే కదా? ఇంగ్లండులో కారణం శరీరం లోపలిదా, బయటిదా అన్నదే గీటురాయి అంటారు: లోపలిదైతే ఉన్మాదం, బయటిదైతే నిర్దోషి కావచ్చు. ఆ లెక్కన ఇన్సులిన్ తీసుకుని చక్కెర పడిపోయి తప్పు చేసినవాడు నిర్దోషి కావచ్చు, ఇన్సులిన్ మానేసి చక్కెర పెరిగి చేసినవాడు ఉన్మాది. నాకైతే ఇది న్యాయంకన్నా మాటల గారడీలా తోస్తోంది.

నా సందేహం ఇది: కెనడా కోర్టు ఈ గీటురాయిని ఎందుకు పక్కన పెట్టింది? నిద్ర నటన కాదని వైద్యులు ఏ పరీక్షలతో తేలుస్తారు?