ఆర్బీ67 లెన్స్ (127 ఎంఎం) 4×5 కెమెరాకి పెట్టొచ్చా?

లక్కబొమ్మ_రవి:
అందరికీ నమస్కారం. నా దగ్గర మామియా ఆర్బీ67 (6×7 సెంటీమీటర్ల మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా) ఉంది, 127 ఎంఎం ఎఫ్3.8 లెన్స్‌తో. ఈమధ్య 4×5 అంగుళాల షీటు ఫిల్మ్ వాడే చెక్క కెమెరా ఒకటి చవగ్గా దొరికింది, లెన్స్ లేదు, బెల్లోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఉండే మడతల గొట్టం) 300 ఎంఎం దాకా సాగుతుంది. 4×5 లెన్స్ కొనే డబ్బులు ఇప్పట్లో లేవు. ఏటికొప్పాకలో మా మేనమామ వాళ్ళు లక్కబొమ్మలు చేస్తారు, వాటిని బాగా దగ్గర్నుంచి తీద్దామని. ఆర్బీ లెన్స్ దీనికి పనికొస్తుందా? లెన్స్ బిగించే బోర్డు ఎలా చేసుకోవాలి?

మూర్తి_వరంగల్:
పెట్టకు తమ్మీ. లెక్క చూడు. ఆర్బీ ఫ్రేము 56×69.5, మూల నుంచి మూలకు 89 ఎంఎం. 4×5 షీటుల బొమ్మ పడే జాగ దాదాపు 96×120, అంటే మూల నుంచి మూలకు 153. 89 కోసం చేసిన లెన్స్ 153 ఎట్ల కప్పుతది? నాలుగు మూలలు నల్లగ వస్తయి. పైగా 4×5 కొనేదే రైజ్ (లెన్స్ పైకి జరుపుడు), టిల్ట్ (వంచుడు) కోసం. నేను వేయిస్తంభాల గుడి నిలువు ఫ్రేముల తీసినప్పుడు 20 ఎంఎం రైజ్ ఇచ్చిన, దానికి లెన్స్ ఫిల్మ్ మీద వేసే వెలుగు సర్కిల్ 187 ఎంఎం కావాల్సొచ్చింది. 150 ఎంఎం సిమ్మార్-ఎస్ లెన్స్ ఎఫ్22 దగ్గర 210 ఇస్తది. అందుకే పైసలు జమ చేసుకొని అది కొంటరు.

బెజవాడ_బెల్లోస్:
మూర్తన్నా మళ్ళీ మొదలెట్టావా. నేను మూడేళ్ళుగా మామియా ప్రెస్ 127 ఎఫ్4.7 పెట్టి 4×5 తీస్తున్నాను, మూలల దాకా శుభ్రంగా వస్తోంది. పోలరాయిడ్ 600ఎస్ఈ మీద వచ్చే లెన్సే అది. మీడియం ఫార్మాట్ లెన్స్ అనగానే కప్పదు అని కొట్టిపారేస్తే ఎలా?

మూర్తి_వరంగల్:
అది ప్రెస్ లెన్స్, ఇది ఆర్బీ లెన్స్. రెండింటి మీద 127 అని రాసుంటే ఒక్కటైతయా? నీ ప్రెస్ లెన్స్‌తోని 20 ఎంఎం రైజ్ ఇచ్చి తీసిన షీటు ఒక్కటి పెట్టు, చూస్త.

కొత్తగా_వచ్చా:
ఆర్బీకి ఫ్లాంజ్ దూరం (లెన్స్ మౌంట్ నుంచి ఫిల్మ్ దాకా) 112 ఎంఎం కదా, బోర్డు మందం అందులోంచి తీసెయ్యాలా?

బెజవాడ_బెల్లోస్:
బెల్లోస్ కెమెరాకి ఆ గొడవే లేదు బ్రో. వెనకున్న గ్రౌండ్ గ్లాస్ (ఫ్రేము కనిపించే గరుకు గాజు) మీద షార్ప్ అయ్యేదాకా జరపడమే.

మూర్తన్నా, రైజ్ రైజ్ అంటావు, అందరూ గుళ్ళే తీస్తారా? మా నాన్న స్టూడియోలో అలెప్పీలో చేసిన వాగీశ్వరి కెమెరా ఉండేది. షట్టర్ కూడా లేదు, లెన్స్ మూత తీసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మూత పెట్టేసేవాడు. ఊళ్ళో సగం మంది పెళ్ళి ఫొటోలు దాంట్లోనే. ఏ మూలలో ఏముందని ఎవరూ అడగలేదు. అసలు లెన్సే కొనుక్కో అని చెప్పడం తేలిక. 2019లో ఇక్కడ మీ అందరి మాట విని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 150 ఎంఎం లెన్స్ కొన్నాను. పార్సిల్ విప్పి టార్చ్ వేసి చూస్తే వెనక గాజులో సాలెగూడులా ఫంగస్, షట్టర్ ఒక సెకను మీద పెడితే మూడు సెకన్లు ఆడుతోంది. వెనక్కి తీసుకోలేదు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. అందుకే చెప్తున్నా, చేతిలో ఉన్న లెన్స్‌తో తీసుకోనివ్వండి కుర్రాళ్ళని.

కొత్తగా_వచ్చా:
అయినా మందం తీసెయ్యాలనే అనిపిస్తోంది.

మూర్తి_వరంగల్:
నీ ఫంగస్‌కు ఆర్బీ కవరేజీకి ఏం సంబంధమయ్యా! గాజుల సంగతి విని బాధైంది, కానీ లెక్క మారదు కదా. సరే, అసలు సంగతి చెప్త. ఒక పిలగాడు అడిగితే నా ఆర్బీ 127 ఇచ్చిన, 4×5 మీద ప్రయోగం చేస్త అన్నడు. నెల తర్వాత తెచ్చిచ్చిండు, వెనక మౌంట్ రంపంతోని కోసి, షట్టర్‌ను బిగించే కాకింగ్ పిన్నులు పీకేసి. మంచిగ పనిచేసే లెన్స్. 11 ఏండ్లు దాంతోనే పెండ్లిళ్ళు తీసిన. ఇసొంటి థ్రెడ్ చదివే చేసిండు వాడు. ఆ లెన్సులు మళ్ళ తయారు కావు. మీరిక్కడ పెట్టొచ్చు అని అలవోకగ రాస్తరు, అక్కడ ఇంకొకడు రంపం తీస్తడు.

బెజవాడ_బెల్లోస్:
ఇదన్నమాట. మూడేళ్ళుగా కవరేజీ కవరేజీ అని నాతో పోట్లాడుతున్నావు, ఈ మాట ఒక్కసారన్నా అన్నావా అన్నా? లెన్స్ కోయమని నేనెప్పుడూ రాయలేదు, రాయను కూడా. నేను అడిగేదల్లా డబ్బుల్లేనోడిని గుమ్మంలోనే ఆపొద్దని.

ప్రవీణ_డార్క్‌రూమ్:
ఇద్దరూ రవి గారి మొదటి పోస్టు ఇంకోసారి చదవండి. బొమ్మలు దగ్గర్నుంచి అన్నారాయన, గుడి కాదు, పెళ్ళి కాదు. మూర్తి గారి 89 దూరపు వస్తువుల లెక్క. దగ్గరికెళ్ళి బెల్లోస్ సాగదీస్తే సర్కిల్ కూడా పెరుగుతుంది. బొమ్మ అసలు సైజులో ముప్పావు వంతు ఫిల్మ్ మీద పడేలా తీస్తే 89ని 1.75తో గుణించండి, 156 దాకా వస్తుంది, 4×5కి చాలు. లెన్స్ నుంచి ఫిల్మ్‌కి 222 ఎంఎం కావాలి, మీ బెల్లోస్ సరిపోతుంది. ఎక్స్‌పోజర్ మాత్రం మూడు రెట్లు ఇవ్వండి. రంపం అక్కర్లేదు. పాడైన ఆర్బీ ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ దొరికితే దాని ముందు మౌంట్ ఒక్కటే తీసి బోర్డుకి బిగించండి, గొట్టమంతా ఉంచితే అదే మూలల్ని కోస్తుంది. ఆర్బీ లెన్స్ కాక్ చేసి పెడితే షట్టర్ తెరుచుకునే ఉంటుంది, కాబట్టి బెల్లోస్ గారి నాన్నగారిలాగే మూతతో తీయొచ్చు.

మూర్తి_వరంగల్:
దగ్గర్నుంచి అన్న మాట నేను చూడలే. తప్పు నాదే. ట్యూబ్ మౌంట్ అయితే నాకు అభ్యంతరం లేదు.

బెజవాడ_బెల్లోస్:
అంటే కప్పుతుందని ఒప్పుకున్నట్టేగా.

మూర్తి_వరంగల్:
ఇన్ఫినిటీల, అంటే దూరపు వస్తువులకు, కప్పదు. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్త.

లక్కబొమ్మ_రవి:
ఆలస్యానికి క్షమించండి, మౌంట్ దొరకడానికి ఆరు వారాలు పట్టింది. నిన్న తీశాను. 10 సెంటీమీటర్ల ఎడ్లబండి బొమ్మ, ఎఫ్22, ఎఫ్‌పీ4 ఫిల్మ్. బెల్లోస్ లెక్క కలిపాక 8 సెకన్లు వచ్చింది, ఫిల్మ్ రెసిప్రాసిటీకి (ఎక్కువసేపు తెరిస్తే ఫిల్మ్ స్పందన తగ్గుతుంది కాబట్టి) దాన్ని 14 చేసి మూత తీసి లెక్కపెట్టాను. నెగటివ్ ఆరాక లూప్ పెట్టి చూస్తే చక్రం మీద లక్క పట్టించినప్పుడు ఆకుతో రుద్దిన సన్నగీతలు కూడా కనిపిస్తున్నాయి. మా మావయ్యకి చూపిస్తే తన చెయ్యి ఎక్కడ ఆగిందో గుర్తుపట్టాడు. ఒక్కటే, పై మూలలు రెండూ కొంచెం నల్లబడ్డాయి. హుడ్ లేదు. ఫ్రేము కుదరకపోతే లెన్స్ బోర్డు 5 ఎంఎం పైకి జరిపాను, నిలువు ఫ్రేము.

బెజవాడ_బెల్లోస్:
అదరగొట్టావు తమ్ముడూ! మూలలు ప్రింటులో కోసేయ్.

మూర్తి_వరంగల్:
కోయకు. 5 ఎంఎం రైజ్ ఇచ్చినవు కదా, దానికి 162 కావాలె, నీకు ఖాయంగ ఉన్నది 156. బోర్డు సున్నాకు దించి, ట్రైపాడ్ జరుపుకొని ఇంకో షీటు తియ్యి. చక్రం మంచిగొచ్చింది.