తెల్లవారుజామున ధ్యానం చేస్తే కలలో తెలివి ఉంటుందా?

అన్నలూ, అక్కలూ, అనుభవం ఉన్నోళ్లు కాస్త చెప్పండి. మాది కావలి దగ్గర. రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా నాదే. తెల్లారేముందే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి మూడింటికి లేచి ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) చూసుకోక తప్పదు. తర్వాత షెడ్డులో మళ్లీ నడుం వాలుస్తా.

ఇది కల అని కలలోనే తెలిసే లూసిడ్ డ్రీమింగ్‌కి ఈ వేళే మంచిదంట. కలలెక్కువ వచ్చే రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువసేపు ఉంటుంది కదా. అందుకే పడుకోబోయే ముందు శ్వాస మీద ధ్యాస పెడుతున్నా. ఒళ్లు హాయిగా వదులవుతుంది, అంతవరకు బాగుంది. ఆ తర్వాతే చిక్కు. పడుకుని చేస్తే గురక, కూర్చుని చేస్తే నిద్రే రాదు. నడుమ దారేమన్నా ఉందా? యోగనిద్ర పనికొస్తుందా?

ఇంకోటి. ఒక్కోసారి మెలకువ వస్తుంది గానీ కాలూ చెయ్యీ కదలవు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. మా అమ్మ దయ్యమంటుంది, తాయెత్తు కట్టించుకోమంటుంది. అది నిద్ర పక్షవాతమని నాకు తెలుసు. అయినా ఆ క్షణాన భయం ఆగదే! అక్కడినుంచే కలలోకి జారేవాళ్లున్నారంటారు. మీలో ఎవరైనా అట్లా చేశారా? అప్పుడు మనసును ఎట్లా నిలబెట్టుకున్నారు? రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు చెబితే మరీ మేలు. ఎనిమిది గంటలు పడుకోమనే సలహా మాత్రం వద్దు.