జీబ్రా గీతలు ఒకరివి, డివైడర్ ఇంకొకరిది: అర్జీ ఎవరికి పెట్టాలి?

బస్‌పాస్ పంతులమ్మ
విశాఖలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు వస్తే మా జంక్షన్. పేరు కావాలనే రాయట్లేదు. సిటీలోకి వెళ్లే బస్సెక్కాలంటే పెద్దరోడ్డు దాటాల్సిందే.

ఈ మధ్య సిగ్నల్ దగ్గర జీబ్రా గీతలు కొత్తగా వేశారు. సంతోషం. ఆ గీతల మీదే నడుచుకుంటూ పోతే మధ్యలో డివైడర్ అడ్డం, మోకాలి పైదాకా ఉంటుంది. దారి వదిలింది అరవై అడుగుల అవతల, అక్కడేమో గీతల్లేవు. బస్సు షెల్టర్ వేరేవాళ్లు వాళ్లకి వీలైన చోట కట్టీశారు. దాని ముందు బస్సు ఆగగా నేను చూళ్లేదు.

మా అత్తగారికి 74 ఏళ్లు. ఫోన్లో టైము పెట్టి చూశాను. ఒకవైపు మూడు లైన్లు దాటడానికి ఆవిడకి 16 సెకన్లు పట్టింది, సిగ్నల్ మాకిచ్చేది 12. డివైడర్ దగ్గర ముందు చేతిసంచి అవతల పెడతారు. తర్వాత కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నా భుజం ఆసరా చేసుకుని ఒక కాలు వేస్తారు. రెండో కాలు వచ్చేలోపు అవతలివైపు బళ్లు కదిలిపోతాయి.

మూడు ఆఫీసులు తిరిగాను. ఒకచోట "గీతలు మావే, డివైడర్ మాది కాదు" అన్నారు. ఇంకోచోట సిగ్నల్ నడిపేది వాళ్లేనట, పెట్టింది మాత్రం కాదట. మూడోచోట టీ ఇచ్చి, కూర్చోబెట్టి, రసీదు కూడా ఇచ్చారు. అంతే.

వీళ్లందర్నీ ఒకే రోజు, అదే ఎండలో, ఆ గీతల మీద నిలబెట్టే మార్గం ఏదైనా ఉందా?

ఎంవీపీ పెద్దాయన
ఉందమ్మా. ముప్పై ఏళ్లు రోడ్ల పనుల్లోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, ముందు అర్జీ కాదు, ఆర్టీఐ వెయ్యండి. పది రూపాయల ఫీజు. డివైడర్ ఎవరిది, సిగ్నల్ టైము ఎవరు ఖాయం చేశారు, షెల్టర్ స్థలం ఎవరు ఒప్పుకున్నారు... ఈ మూడే అడగండి. "మాది కాదు" అని ఊరుకోడానికి వాళ్లకి వీల్లేదు. సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో అది ఎవరిదో వాళ్లకి పంపాలి. మీరు తిరిగిన తిరుగుడు ఇప్పుడు కాగితం తిరుగుతుంది.

ఆ జవాబులు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్‌కి వెళ్లండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అని ఒకటుంది, కలెక్టర్ అధ్యక్షులు. పోలీసు, రవాణా, రోడ్లు, కార్పొరేషన్ అందరూ ఒక గదిలో కూర్చునేది అక్కడే. మీ కాగితంలో "ఈ విషయం కమిటీ అజెండాలో పెట్టి, జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయించగలరు" అని రాయండి. "తగు చర్య తీసుకోగలరు" అని రాశారా, ఫైలు పడుకుంటుంది.

"అది బ్లాక్ స్పాట్ (తరచూ ప్రమాదాలు జరిగే చోటు) కాదు" అంటారేమో. హైవేకి ఆ లెక్క ఏమిటంటే, 500 మీటర్లలో మూడేళ్లలో చావో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది పోవాలి. అందాకా ఆగమని ఏ చట్టమూ చెప్పదు.

అన్నట్టు, అనకాపల్లి టౌనువాళ్లు ఎవరైనా చదువుతుంటే: మీకూ మాకూ కార్పొరేషన్ ఒకటే గానీ 2022 ఏప్రిల్ నుంచి జిల్లాలు వేరు. మీ కాగితం మీ కలెక్టర్‌కే.

స్టీరింగ్
మేడమ్, సిటీ బస్సు నడుపుతాను. షెల్టర్ ముందు ఆటోలు, కొబ్బరి బోండాల బండి. లోపలికి దూరిస్తే మళ్లీ బయటికి రానివ్వరు. అందుకని రెండో లైన్లో ఆపీస్తాం. తప్పే, ఒప్పుకుంటాను. దిగినోళ్లు బస్సు ముందు నుంచే అడ్డంగా దాటుతారు. కుడిపక్క నుంచి దూసుకొచ్చే బైకు ఆళ్లకి కనబడదు, నాకు అద్దంలో ఆఖర్న కనబడతాది. ఆ క్షణం గుండె జారిపోద్దండి. షెల్టర్ సిగ్నల్ దాటాక ఉంటే జనం బస్సు ఎనక నుంచి దాటుతారు. ఈ మాట మమ్మల్ని ఎవులూ అడగలేదు.

సియాటిల్ చిన్నోడు
గాజువాక నుంచి వచ్చి ఇక్కడ ట్రాఫిక్ డిజైన్‌లో పనిచేస్తున్నా. 12 సెకన్ల లెక్క ఎక్కడిదో చెప్తాను. మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని పుస్తకాల్లో పట్టుకుంటారు. మూడు లైన్లంటే సుమారు 10.5 మీటర్లు, 9 సెకన్లలో అయిపోవాలి. కాగితం మీద 12 ఇవ్వడం దయే! అత్తగారి 16 సెకన్లు తప్పకుండా రాయండి, అర్జీలో అన్నిటికన్నా బలమైన అంకె అదే.

ఇక్కడ నాలుగు కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) కలిపి పుగెట్ సౌండ్ రీజినల్ కౌన్సిల్ అని ఉంది. రవాణాకి వచ్చే ఫెడరల్ డబ్బులో కొంత ఏ పనికి వెళ్లాలో ఆ బల్ల దగ్గరే తేలుస్తారు. రాకపోతే వాటా పోతుంది, అందుకే ఊళ్లన్నీ వచ్చి కూర్చుంటాయి. అలాగని ఇదేం స్వర్గం కాదు, 2022లో అమెరికా మొత్తం మీద 7,500 మందికి పైగా పాదచారులు పోయారు. మన దేశంలో అదే ఏడాది 32,825.

బస్‌పాస్ పంతులమ్మ
అందరికీ థాంక్స్. పెద్దాయన గారూ, ఆర్టీఐ పోస్టు చేశాను. స్టీరింగ్ గారూ, షెల్టర్ సిగ్నల్ దాటాక ఉండాలన్న మీ మాట పేరు లేకుండా అర్జీ రెండో పేరాలో పెట్టాను. బోండాల అబ్బాయి పొట్ట కొట్టకుండా బండికి వేరే చోటు చూపించమని కూడా రాశాను. మాకు నీడా, చల్లటి నీళ్లూ దొరికేది వాడి దగ్గరే.

ఇందాకే వెళ్లి కొలిచాం. డివైడర్ 48 సెంటీమీటర్లు, ఫుట్‌పాత్ గట్టు 31. గట్టు 15 దాటకూడదని ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) రూల్సులో ఉందని మావారు వెతికి చూపించారు. టేపు రెండో కొస అత్తగారే పట్టుకున్నారు.