సమస్యాపూరణం: మీట నొక్కనపుడె మేటి గెలుపు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. అంశం పిస్టల్ షూటింగ్‌లో ట్రిగ్గరు (మీట), పట్టు. యుద్ధాలు, పగలు, హత్యలు వద్దు. ఎదురుగా ఉన్నది నల్లచుక్క ఒక్కటే.

తూటా:

వేలు కదలు వేళ వెనుకకుఁ దిన్నగా
చూపు ముందు గురిని చూచుచుండ
తనకుఁ దెలియకుండఁ దటుకునఁ బేలఁగా
మీట నొక్కనపుడె మేటి గెలుపు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గరు బరువు, అంటే దాన్ని లాగడానికి వేలు పెట్టాల్సిన బలం, 500 గ్రాములకు తగ్గకూడదు. మ్యాచ్ పిస్టళ్లలో ఆ బరువు రెండంచెలుగా ఉంటుంది. మొదటి అంచె లాగేశాక వేలికి గోడలా అడ్డు తగులుతుంది. అక్కడి నుంచి ఒత్తిడి నెమ్మదిగా పెంచుకుంటూ పోతే ఎప్పుడు పేలిందో మనకే తెలియదు. మజా అంతా అందులోనే ఉంది! గరగరలాడుతూ సాగే ట్రిగ్గరుతో ఎంత సేపు కొట్టినా విసుగే.

ఛందోభిక్షువు: భావం దిట్టంగా ఉంది. ‘చూపు... చూచు’ పునరుక్తి. ‘కన్ను ముందు గురినిఁ గాంచుచుండ’ అంటే యతీ నిలుస్తుంది.

మల్లెపందిరి:

పిడిని బిగియఁ బట్ట బెదరును ముంజేయి
కుదుపు తోడ గుండు పక్కఁ జేరు
వెఱ్ఱి పదుల యాశ వెంటాడు వేళలో
మీట నొక్కనపుడె మేటి గెలుపు

ఛందోభిక్షువు: రెండో పాదంలో ‘కు’కీ ‘ప’కీ యతిమైత్రి లేదమ్మా. ‘కొసకుఁ జేరు’ అనండి. పది పాయింట్ల గుళ్ల మీది యావను ‘వెఱ్ఱి పదుల యాశ’ అన్న మూడో పాదం మాత్రం ఈ వారానికే మేలిమి.

తూటా: మొదటి పాదం పూర్తిగా ఒప్పుకోను. వదులు పట్టు ఇంకా చెడ్డది. ఎంత గట్టిగా పట్టారన్నది కాదు, ప్రతి గుండుకీ అంతే గట్టిగా పట్టారా అన్నదే లెక్క. వేలితో పాటు అరచెయ్యి కూడా ముడుచుకుంటేనే గురి చెదిరేది. అందుకే చెక్కపిడిని ఎవరి చేతికి వాళ్లు చెక్కించుకుంటారు, అరచేతి కింద ఆనే పలకను సర్దుకుంటారు. పిడి మణికట్టుకు ఊతమివ్వకూడదని నియమం. చెయ్యీ ఒక్కటే వాడాలి. కుదిరిన పిడిలో వేలు తన పని తాను చేసుకుపోతుంది, కుదరని దానిలో ప్రతి గుండుకీ చేతిని కొత్తగా సర్దుకోవాల్సిందే.

గచ్చిబౌలి గురి:

చేయి వణకుచున్న చివరి గుండైననున్
దించి మరల నెత్తు ధీరుఁ డగుచు
మనసు కుదురు దాఁక మౌనాన నిలుచుచు
మీట నొక్కనపుడె మేటి గెలుపు

తూటా: 60 గుళ్లకు 75 నిమిషాలిచ్చే ఎయిర్ పిస్టల్‌కి ఇది చెల్లుతుంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ సంగతేమిటి? ట్రిగ్గరు బరువు 1000 గ్రాములకు తగ్గకూడదు. వేగంగా కొట్టే ర్యాపిడ్ దశలో దించిన చెయ్యెత్తి గుండు వదలడానికి 3 సెకన్లే. మౌనానికి తీరికెక్కడిది?

గచ్చిబౌలి గురి: అయితే ఇది చూడండి.

మూడు సెకనులందె ముందరి భారమున్
లేచు చేతి తోనె లీలఁ దీర్చి
నిలిచినంతఁ బేలు నేర్పుండి, తడబడి
మీట నొక్కనపుడె మేటి గెలుపు

ఛందోభిక్షువు: భేష్. నొక్కడాన్ని కాదనకుండా తడబాటును కాదన్నారు, సమస్య అక్కడ విడిపోయింది. ‘నేర్పుండి’ కాస్త వాడుకభాష. పోనివ్వండి, ‘సెకను’ని రానిచ్చాక దాన్ని ఆపడమెందుకు?

మల్లెపందిరి: నా ‘కొసకుఁ జేరు’ సవరించాను. మొదటి పాదం మార్చను. తూటాగారూ, కావాలంటే మరో పద్యం రాసుకోండి.