మీటరు కడ్డీ నీడతో భూమి అక్షం వంపు లెక్కిస్తే 23.16 డిగ్రీలే వస్తోంది, 23.44 ఎందుకు రావట్లేదు?

అనంతపురంలో మిద్దె మీద 100 సెం.మీ. ఇనుప కడ్డీ నిలబెట్టి మధ్యాహ్నపు నీడ కొలిచాం. డిసెంబరు 21న 12:18కి అతి పొట్టి నీడ ఉత్తరానికి 77.7 సెం.మీ., జూన్ 21న 12:21కి దక్షిణానికి 14.9 సెం.మీ. (జూన్‌లో మనకు నీడ దక్షిణానికి పడుతుందంటే కళ్లారా చూసేదాకా నమ్మరు.) నడినెత్తి నుంచి సూర్యుడు ఒరిగిన కోణాలు 37.85, 8.47. రెండూ కలిపి సగం చేస్తే భూమి వంపు 23.16. తేడాలో సగం అక్షాంశం: 14.69, అది సరిగ్గానే ఉంది.

12:05 నుంచి 12:35 దాకా రెండేసి నిమిషాలకు గుర్తు పెట్టాం కాబట్టి టైము తప్పు కాదు. నేలను రసమట్టంతో, కడ్డీని గుండు కట్టిన దారంతో సరిచూశాం. కడ్డీ ఒరిగి ఉంటే అక్షాంశమే తప్పేది, వంపు పెద్దగా మారేది కాదు. ఇక్కడ జరిగింది తిరగబడి ఉంది.

అనుమానమల్లా నీడ కొన మీదే. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు. డిసెంబరులో కొన దగ్గర దాదాపు ఒకటిన్నర సెం.మీ. మసక. మేం గుర్తు పెట్టింది ముదురు నీడ ఆగిన చోట, అంటే బింబం పై అంచుకు. నడిమధ్యకు కొలవాలని కడ్డీ కొసన చిల్లున్న రేకు అతికించాం. 6 మి.మీ. చిల్లుకు వెలుగుచుక్క అంచు అలుక్కుపోయింది, 1 మి.మీ.కి ఎర్రటెండలో చుక్కే కనపడలేదు.

మీటరు ఎత్తుకు, రెండు కాలాల్లోనూ బింబం గుండ్రంగా తేటగా పడాలంటే చిల్లు ఎన్ని మి.మీ. ఉండాలి?