ఫోటో చూసి వేస్తున్న మొదటి ఆర్డర్, ముఖం పోలిక రావట్లేదు. అర్జెంట్

గన్నవరం గీతలు:
పొద్దున్నించీ అదే ముఖం చెరిపి మళ్లీ వేస్తున్నాను. ఇక నావల్ల కావట్లేదు. డబ్బులిచ్చి నాతో బొమ్మ వేయించుకుంటున్న మొదటి మనిషి ఈవిడే. వాళ్ల నాన్నగారి ఫోటో ఇచ్చారు, సంవత్సరీకం నాటికి హాల్లో పెట్టాలట. కళ్లు విడిగా చూస్తే ఆయన కళ్లే, ముక్కు విడిగా చూస్తే ఆయన ముక్కే. మొత్తం కలిపి చూస్తే ఇంకెవరో. స్కెచ్ అప్పుడు పంపితే "నాన్నలా లేదమ్మా, మా బాబాయిలా ఉంది" అన్నారు. ఫోటో మీదా, కాన్వాస్ మీదా గళ్లు గీసుకుని, గడికి గడి చూసే వేశాను కాబట్టి కొలతల్లో తేడా ఉండదు. రంగుల్లోనే ఏదో జరుగుతోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కొలబద్ద:
ఫోటో సైజు? కాన్వాస్ సైజు?

నూనెరంగు:
పోలిక తెచ్చేది రంగు కాదండీ, వెలుగునీడలు. ఫోటోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేయండి. మీ బొమ్మనీ అలాగే తీసి పక్కన పెట్టండి. ఎక్కడ ముదురు తగ్గిందో వెంటనే కనిపిస్తుంది. ఇంతకీ ఆయిలా, అక్రిలిక్కా? అక్రిలిక్ అయితే ఆరాక ఒక పిసరు ముదురుతుంది. తడి మీద చామనఛాయ సరిపోయిందనుకుంటాం, కాసేపటికి నల్లబడి కూర్చుంటుంది. అందుకే ముఖాలకి నేను ఆయిల్ తప్ప ముట్టను. యెల్లో ఆకర్, బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరీన్, తెలుపు ఉంటే మన ఒంటి రంగులు చాలావరకు వస్తాయి. నీడల్లో మాత్రం నల్ల ట్యూబు కలపకండి, ముఖం బూడిద పూసినట్టు అయిపోతుంది.

గన్నవరం గీతలు:
అక్రిలిక్కే అండీ. నెలాఖరుకి ఇచ్చేయాలి, ఆయిల్ ఆరేదెప్పుడు?

నూనెరంగు:
పల్చటి పొరలు వేస్తే కొద్ది రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది. లోపల పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది నిజమే. వార్నిష్‌కి ఆరు నెలలు ఆగమనే పెద్దలు చెప్తారు. కానీ ఆయిల్‌లో బుగ్గ మీద నీడని మెల్లగా కలుపుకునే టైము దొరుకుతుంది. అక్రిలిక్ ఈ ఎండలకి ప్యాలెట్ మీదే గట్టిపడుతుంది.

పాతస్టూడియో:
అందరూ రంగుల గురించే మాట్లాడుతున్నారు. ముందు ఆ ఫోటో ఎవరు తీశారో కనుక్కోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. అంటే రేపు మీరు ఈ బొమ్మకి ప్రింట్లు తీసి అమ్మాలంటే ఆవిడతో ముందే రాయించుకోవాలి. ఈ ముక్క మన ఆర్టిస్టుల్లో ఎక్కువమందికి తెలీదు. వేసింది మనం కాబట్టి హక్కూ మనదే అనుకుంటారు. అడ్వాన్స్ తీసుకున్నారా?

గన్నవరం గీతలు:
లేదండీ, తెలిసినవాళ్లే. నా ప్రశ్న ముఖం గురించి.

బ్యానర్ బాబాయ్:
అమ్మా, గళ్లు ఎలా గీశావో చెప్పు. ఫోటో మీద ఎన్ని, గుడ్డ మీద ఎన్ని?

గన్నవరం గీతలు:
ఫోటో 4×6 ప్రింట్. కాన్వాస్ 18×24. రెండింటి మీదా అడ్డం 8, నిలువు 12. లెక్క సమానమే బాబాయ్ గారూ.

కొలబద్ద:
ఫోటో మీద గడి అర అంగుళం చదరం. కాన్వాస్ మీద 2.25 వెడల్పు, 2 ఎత్తు. చదరం కాదు.

బ్యానర్ బాబాయ్:
అదే సంగతి. గళ్ల లెక్క సమానమైతే చాలదమ్మా, గడి ఆకారం సమానం కావాలి. నీ గడిలో వెడల్పు ఎనిమిదో వంతు ఎక్కువైంది, ముఖం అంతా ఆ మేరకి అడ్డంగా సాగింది. కన్ను, ముక్కు దేనికది చూస్తే బాగానే ఉంటాయి, దవడ దగ్గర బయటపడుతుంది. సినిమా హోర్డింగులు వేసే రోజుల్లో మాకు మొదట నేర్పింది ఇదే. హీరో గడ్డం సాగితే గురువు గారు తుడిపించేవారు. ఇప్పుడు కాన్వాస్ మీద 2.25 అంగుళాల చదరాలు గీయి. అడ్డం ఎనిమిదీ వస్తాయి. నిలువు పది పూర్తిగా, పదకొండోది మూడింట రెండొంతులు వస్తుంది. ఫోటోలో మిగిలిన ముప్పాతిక అంగుళం లోపు ముక్క తల పైనో, చొక్కా కిందో వదిలేయి. నుదురు మాత్రం తెగనీకు.

పాతస్టూడియో:
ఆ ప్రింట్‌ని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపారా? ఫోన్ వంగినా ముఖం సాగుతుంది. స్కాన్ చేయించి డాక్యుమెంట్‌గా పంపమనండి, నాణ్యత పోదు. ఇంకో రెండు ఫోటోలు కూడా అడగండి, ఒక్క ఫోటోతో మనిషి దొరకడు.

నూనెరంగు:
గళ్లు ఎందుకసలు, ప్రొజెక్టర్‌తో దించేస్తే గంటలో పని.

బ్యానర్ బాబాయ్:
దించితే చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది బాబూ? మొదటి బొమ్మ, నేర్చుకోనీ.

నూనెరంగు:
తేదీ పెట్టుకుని డబ్బు తీసుకునే పనికీ, సాధనకీ తేడా ఉంది బాబాయ్. ఆవిడకి కావాల్సింది నెలాఖరుకి వాళ్ల నాన్న.

పాతస్టూడియో:
అందుకే సగం అడ్వాన్స్ అంటున్నాను. స్కెచ్ ఒప్పుకున్నాకే రంగు, ఆ తర్వాత మార్పులకి వేరే డబ్బు. తెలిసినవాళ్లయినా ఒక మెసేజ్‌లో రాసి పెట్టుకోవాలి.

బ్యానర్ బాబాయ్:
పోయినవాళ్ల బొమ్మకి అంత ఖచ్చితం పనికిరాదు. రంగు, గుడ్డ ఖర్చు ముందు తీసుకో, మిగతాది బొమ్మ చూశాక.

పాతస్టూడియో:
అలా అన్నవాళ్లే చివరికి ఖర్చులు కూడా రాక కూర్చుంటారు.

గన్నవరం గీతలు:
2.25 గళ్లతో మళ్లీ గీశాను. దవడ సన్నబడింది. జేబు దగ్గర తెగుతోంది, పర్లేదు. ఆవిడకి పంపాను, ఇంకా చూడలేదు. థాంక్స్ అండీ అందరికీ.

నూనెరంగు:
వార్నిష్ మెరిసే గ్లాసా, మెరవని మ్యాటా? హాల్లో ట్యూబులైటుకి ఎదురుగా పెడితే గ్లాస్ మెరుస్తుంది, ముఖం కనపడదు.